మచ్చ కనిపించని ఆపరేషన్

(గుంటూరులో ఒక ఆదివారం పొద్దున నడక మిత్రుల సమావేశంలో లాప్రోస్కోపిక్ సర్జన్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది. సభికుల మాటలు అవసరమైన చోట మాత్రమే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ఇందాక వస్తూ గేటు దగ్గర చూశాను. గంటసేపు చెమటలు కక్కుతూ నడిచి, నేరుగా టిఫిన్ బండి దగ్గర ఆగిన పెద్దలు కొందరున్నారు. పేర్లు చెప్పనులెండి. (నవ్వులు) నేనూ అక్కడే ఒక ప్లేటు పునుగులు తిని లోపలికొచ్చాను కాబట్టి ఎవర్నీ అనే హక్కు నాకు లేదు.

మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరైనా కాస్త నిండుగా కనిపిస్తే "ఏమిట్రా, ఒళ్లు చేశావు" అనేవాళ్లు. అది మెచ్చుకోలు. ఇంట్లో తిండికి లోటు లేదని అర్థం. సన్నగా ఉన్నవాణ్ణి చూసి జాలిపడేవాళ్లు. ఇప్పుడు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. 2019 నుంచి 21 దాకా చేసిన సర్వే అది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో బరువు ఎక్కువున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం మీద 24. అంటే ఒళ్లు చేయడంలో మనం దేశానికంటే ముందున్నాం.

ఎంత బరువైతే ఎక్కువ అంటారు? బీఎమ్ఐ అని ఒక లెక్క ఉంది. కిలోల్లో బరువుని, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 160 సెంటీమీటర్ల మనిషిని తీసుకుందాం, అంటే అయిదడుగుల మూడంగుళాలు. ఆవిడ 64 కిలోలుంటే బీఎమ్ఐ 25. 90 కిలోలుంటే 35 దాటినట్టు. తెల్లవాళ్లకి 30 దగ్గర ఊబకాయం అంటారు, మనకి 25 దగ్గరే అంటారు. ఎందుకంటే మన కొవ్వు చేతులకీ కాళ్లకీ కాకుండా బొడ్డు చుట్టూ, కాలేయంలో చేరుతుంది. చూడ్డానికి సన్నగానే ఉంటాడు, చొక్కా కింద గుమ్మడికాయ దాచినట్టు పొట్ట ఉంటుంది, నలభై దాటకముందే షుగరు. మీ బంధువుల్లో ఇలాంటివాళ్లు అరడజను మంది ఇప్పుడే గుర్తొచ్చి ఉంటారు.

ఈ పొద్దు నన్ను మాట్లాడమన్నది బరువు తగ్గించే ఆపరేషన్ల గురించి. అదీ పెద్ద కోత లేకుండా, రంధ్రాల్లోంచి చేసేవాటి గురించి. ముందొక అపోహ తీసేస్తాను. ఇది కొవ్వు తీసే ఆపరేషన్ కాదు. నా దగ్గరికొచ్చే పదిమందిలో అయిదుగురు "సార్, ఎన్ని కిలోల కొవ్వు తీస్తారు?" అని అడుగుతారు. ఒక్క గ్రాము కూడా తీయం. కొవ్వు పీల్చేది లైపోసక్షన్, అది అందానికి చేసేది, దాంతో షుగరు తగ్గదు. మేం ముట్టుకునేది జీర్ణాశయాన్నీ చిన్నపేగునీ. మన భాషలో ఇక్కడో చిక్కుంది, అన్నిటినీ 'పొట్ట' అనే అంటాం. బెల్టు పెట్టుకునేదీ పొట్టే, అన్నం పడేదీ పొట్టే. "పొట్ట తగ్గించే ఆపరేషన్" అంటే బయటి పొట్ట అనుకుంటారు. కాదు, లోపలి సంచి.

ఈ రంధ్రాల పద్ధతి ఎలా వచ్చిందో కొంచెం చెప్పనివ్వండి, నాకు ఇష్టమైన కథ. 1901లో జర్మనీలో కెల్లింగ్ అనే సర్జను ఒక కుక్క పొట్టలోకి గాలి నింపి, మూత్రాశయంలోకి చూసే గొట్టాన్ని అందులోకి పెట్టి తొంగిచూశాడు. లోపలికి గ్యాస్ పంపడానికి ఇవాళ్టికీ మేం వాడే సూది పేరు వెరెస్ నీడిల్. హంగేరీ డాక్టరు ఒకాయన 1930లలో తయారుచేశాడు. దేనికో తెలుసా? క్షయ రోగుల ఛాతీలోకి గాలి పంపడానికి. క్షయకి మందులొచ్చాయి, ఆ చికిత్స పోయింది, సూది మాత్రం మా చేతికొచ్చింది. 1985లో ఎరిక్ మూహె అనే జర్మన్ సర్జను లాప్రోస్కోపుతో, అంటే రంధ్రంలోంచి లోపలికి చూసే గొట్టంతో, పిత్తాశయం తీశాడు. మరుసటేడు తన దేశపు సర్జన్ల సభలో చెబితే ఒక్కరూ మెచ్చుకోలేదు, ఎగతాళి చేశారు. మెచ్చుకుని పతకం ఇచ్చేసరికి ఏళ్లు గడిచిపోయాయి. మన దేశంలో ఆ పని మొదట చేసినవారు బొంబాయిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా, 1990లో. నేను సర్జరీ నేర్చుకునే రోజుల్లో ఆయన పేరు చెప్పని గురువు లేడు.

బరువు ఆపరేషన్ల పుట్టుక ఇంకో దారిలో జరిగింది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ అని ఒకాయన ఉండేవాడు. కడుపులో పుండ్లకని జీర్ణాశయంలో ముక్క తీసేయించుకున్న ఆడవాళ్లు మళ్లీ బరువు పెరగలేకపోతున్నారని గమనించాడు. ఆ కష్టాన్నే మందుగా ఎందుకు మార్చకూడదు అనుకున్నాడు. 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. అయితే అప్పట్లో రొమ్ముకింద నుంచి బొడ్డుదాకా కోసేవాళ్లు. లావు మనిషికి ఆ కోత ఎంత నరకమో ఊహించండి. చర్మం కింద జానెడు కొవ్వు. అక్కడ కుట్టు వేస్తే చీము పడుతుంది, మానినా కొన్నాళ్లకి పేగు పొడుచుకొచ్చి హెర్నియా. నొప్పికి గట్టిగా ఊపిరి తీయలేరు, నిమోనియా. లేచి నడవలేరు, కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. కోత వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయేది లావు మనిషే. అందుకే 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ అనే ఇద్దరు లాప్రోస్కోపుతోనే బైపాస్ చేసి చూపించాక ఈ రంగం రూపమే మారిపోయింది.

సరే, లోపల ఏం చేస్తామో చూద్దాం. మన దగ్గర ఎక్కువ జరిగేది స్లీవ్. స్లీవ్ అంటే చొక్కా చెయ్యి. ఇది కూడా అనుకోకుండా దొరికిందే. మరీ భారీగా ఉన్నవాళ్లకి పెద్ద ఆపరేషన్ ఒకేసారి చేస్తే తట్టుకోలేరని మిషెల్ గాన్యే అనే సర్జను 2000 ప్రాంతంలో దాన్ని రెండు విడతలు చేశాడు. మొదటి విడతలో జీర్ణాశయాన్ని సన్నం చేసి పంపేవాడు. కొంత బరువు తగ్గి వస్తే రెండో విడత. తీరా చూస్తే చాలామంది మొదటి విడతకే చక్కగా తగ్గిపోయారు, రెండోది అక్కర్లేకపోయింది.

ఆపరేషన్‌కి రెండు వారాల ముందు నుంచే పథ్యం పెడతాం. అన్నం, చక్కెర బాగా తగ్గించి, ప్రోటీన్ ఉన్నవి మాత్రమే. కొంతమంది "ఎలాగూ కోసేస్తున్నారు కదా, ఈలోపు నాలుగు బిర్యానీలు తిని రుణం తీర్చుకుంటాం" అంటారు. ఆ పథ్యం బరువు కోసం కాదండీ. కాలేయం ఎడమ వైపు భాగం జీర్ణాశయం మీద దుప్పటిలా కప్పుకుని ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం దిమ్మలా ఉబ్బి, ఎత్తబోతే చిట్లి రక్తం కారుతుంది. రెండు వారాలు మాట విన్నవాళ్ల కాలేయం మెత్తబడి పక్కకి ఒదుగుతుంది. కెమెరా లోపలికి పెట్టగానే తెలిసిపోతుంది, ఎవరు పథ్యం చేశారో, ఎవరు చేశామని అబద్ధం చెప్పారో.

మత్తు ఇచ్చాక బల్లని తలవైపు పైకి లేపుతాం, పేగులు కిందికి జారేలా. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. మామూలు గాలి ఎందుకు కాదంటే, లోపల కరెంటుతో కాలుస్తాం కదా, ఈ గ్యాస్ అంటుకోదు. మిగిలినది రక్తంలో కరిగి ఊపిరిలో బయటికొచ్చేస్తుంది. మరుసటిరోజు "పొట్ట ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేమిటండీ" అంటారు. గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరని గిల్లుతుంది, ఆ నరం భుజానికి చెబుతుంది. నడిస్తే పోతుంది.

నాలుగైదు రంధ్రాలు. ఒక్కోటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర. నోట్లోంచి ఒక గొట్టం, మన బొటనవేలికంటే సన్నం, జీర్ణాశయంలోకి దించుతాం. అది మాకు కొలబద్ద. దాని పక్కనే స్టేప్లర్ పెట్టి కిందినుంచి పైకి కత్తిరించుకుంటూ పోతాం. ఆ స్టేప్లర్‌ని మీరు చూడాలి. ఆఫీసులో కాగితాలకి కొట్టేదానికి పెద్దన్న. ఒక్క నొక్కుకి అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు టైటానియం పిన్నులు దిగుతాయి, మధ్యలో కత్తి జారుతుంది. కుట్టడమూ కోయడమూ ఒకేసారి. కండ మందంగా ఉన్న చోట పొడుగు పిన్నులు, పల్చన ఉన్న చోట పొట్టి పిన్నులు. మా గురువు ఒక అలవాటు నేర్పారు. దవడలు బిగించాక వెంటనే నొక్కకూడదు, ఆగాలి. తడి కండ నొక్కుకి లోబడి నీరంతా పక్కకి పోనివ్వాలి. ఇప్పటికీ నేను పదిహేను దాకా తెలుగులో లెక్కపెడతాను, పైకి. నర్సులు నవ్వుకుంటారు.

అలా అయిదారుసార్లు కొట్టాక ముప్పాతిక భాగం విడిపోతుంది. మిగిలేది అరటికాయంత, టీ గ్లాసుడు పట్టే గొట్టం. విడిపోయిన ముక్కని ఆ చిన్న రంధ్రంలోంచే లాగుతాం. బిందె మూతిలోంచి తడిగుడ్డ లాగినట్టు వస్తుంది. అందులోనే ఇంకో రహస్యం ఉంది. ఆకలిని మెదడుకి చెప్పే హార్మోను ఒకటి, గ్రెలిన్ అని, 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. అది ఎక్కువగా పుట్టేది జీర్ణాశయం పైభాగంలో, సరిగ్గా మేం తీసేసే భాగంలో. అందుకే వీళ్లు "సంచి చిన్నదైంది కాబట్టి తినలేకపోతున్నాం" అనరు, "అసలు ఆకలే గుర్తుకు రావడం లేదండీ" అంటారు. ఇది మొదటి ఏడాది మాట. తర్వాత ఆకలి కొంత తిరిగొస్తుంది. రానే రాదని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండోది బైపాస్. గుండె బైపాస్ కాదు. మన ఊరి బయట బైపాస్ రోడ్డు ఉంది చూడండి, చెన్నై వెళ్లే బస్సు ఊళ్లోకి రాకుండా పోతుంది. ఇదీ అంతే. జీర్ణాశయం పైన కోడిగుడ్డంత సంచి విడదీసి, చిన్నపేగు కింది భాగాన్ని పైకి తెచ్చి దానికి కలుపుతాం. అన్నం అసలు జీర్ణాశయంలోకీ, చిన్నపేగు మొదటి మలుపులోకీ పోకుండా నేరుగా కింద దిగుతుంది. పసరు, జీర్ణరసాలు పాత దారిలో వచ్చి కొంత దూరంలో కలుస్తాయి. ఏమీ తీసి పారేయం, దారి మళ్లిస్తాం. లోపల రెండు చోట్ల అతకాలి, కెమెరాలో చూస్తూ, పొడుగు కర్రల చివర సూది పట్టుకుని. నేర్చుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఒకే అతుకుతో చేసే మినీ బైపాస్ కూడా మన దేశంలో బాగా నడుస్తోంది. ఏది ఎవరికి అన్నది ఇక్కడ మైకులో చెప్పేది కాదు. ఒక్కటి చెబుతాను. పుల్లటి తేన్పులు, గుండెలో మంట బాగా ఉన్నవాళ్లకి స్లీవ్ చేస్తే ఆ మంట ఎక్కువయ్యే అవకాశం ఉంది, వాళ్లకి బైపాస్ మేలు. నోట్లోంచి గొట్టం దించి లోపల చూస్తాం, దాన్ని ఎండోస్కోపీ అంటాం. అది చేయకుండా స్లీవ్‌కి తేదీ ఇచ్చేస్తే ఒకసారి ఆలోచించుకోండి.

ఎంత తగ్గుతారు? స్లీవ్‌తో ఏడాదిలో ఉన్న బరువులో పాతిక శాతం, అటూ ఇటూ. 120 కిలోల మనిషి 90కి వస్తాడు. బైపాస్‌తో ఇంకొంచెం ఎక్కువ. 60కి రాడు. పేపర్లో వేసే ముందు-తర్వాత ఫొటోలు చూసి ఆశపడకండి.

షుగరు సంగతి మాత్రం మమ్మల్ని కూడా ఆశ్చర్యపరిచేదే. బైపాస్ అయిన వారంలోనే, బరువు ఇంకా తగ్గకముందే, ఇన్సులిన్ తగ్గించాల్సి వస్తుంది. అన్నం తొందరగా కింది పేగుకి చేరేసరికి అక్కడ జీఎల్‌పీ-1 అనే హార్మోను ఎక్కువగా ఊరుతుంది. అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ వాళ్లు 150 మంది షుగరు రోగుల్ని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మందులు మాత్రమే, ఒక జట్టుకి మందులతో పాటు స్లీవ్, ఇంకో జట్టుకి బైపాస్. అయిదేళ్లయ్యాక, 2017లో ఫలితం చెప్పారు. మూడు నెలల షుగరు సగటు ఆరు లేదా అంతకంటే కిందికి వచ్చినవాళ్లు బైపాస్ జట్టులో నూటికి 29, స్లీవ్‌లో 23, మందుల జట్టులో 5. దీన్ని రెండు వైపులా చదవండి. మందులకంటే ఎన్నో రెట్లు మేలు. కానీ అయిదేళ్లకి నూటికి డెబ్బై మంది ఆ గీత కిందికి రాలేదు కూడా. షుగరు వచ్చి రెండేళ్లయినవాళ్లకి ఉన్న ఆశ, పదిహేనేళ్లుగా ఇన్సులిన్ మీద ఉన్నవాళ్లకి ఉండదు.

రంధ్రాలు కూడా లేకుండా నోట్లోంచి చేసేవి ఉన్నాయి. ఒకటి బెలూన్. సిలికాన్ బుడగని జీర్ణాశయంలోకి దించి అర లీటరు పైన ఉప్పునీళ్లు నింపి వదిలేస్తాం, ఆరు నెలలకి తీసేస్తాం. ఆ నీళ్లలో నీలం మందు కలుపుతాం. బెలూన్ చిట్లితే మూత్రం నీలంగా, ఆకుపచ్చగా వస్తుంది, అప్పుడు పరుగెత్తుకు రావాలి. ఈ మాట ముందే చెప్పకపోతే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. బెలూన్ తీశాక బరువు మళ్లీ పెరగడం మామూలే. రెండోది ఎండోస్కోపీతో లోపలినుంచే కుట్లు వేసి జీర్ణాశయాన్ని ముడుచుకుపోయేలా చేయడం. జాకెట్టు వదులైతే లోపలి వైపు కుట్టేసుకోరూ, అలాగ. కోయడం, తీసేయడం ఉండదు. దీని మీద 2022లో వచ్చిన పెద్ద అధ్యయనంలో ఏడాదికి బరువులో 13, 14 శాతం తగ్గారు. స్లీవ్‌లో సగం.

రోబో గురించి అడుగుతారని తెలుసు. రోబో ఆపరేషన్ చేయదండీ. సర్జనే పక్కన కూర్చుని దాని చేతులు తిప్పుతాడు. సర్జనుకి నడుం నొప్పి తగ్గుతుంది, బిల్లు పెరుగుతుంది. (నవ్వులు) మరీ భారీ మనుషుల్లో, ఒకసారి ఆపరేషన్ అయి మళ్లీ చేయాల్సినవాళ్లలో దాని ఉపయోగం నిజమే. తక్కినవాళ్లకి సర్జను చెయ్యి ముఖ్యం.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకుని వచ్చిన సంగతి.

మొదటి రోజుల్లో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో ఒకమ్మాయికి స్లీవ్ చేశాను. ముప్ఫై లోపు వయసు, పెళ్లయింది. తనూ వాళ్లమ్మా వచ్చారు. అత్తగారింటికి తెలియకూడదన్నారు. పిత్తాశయంలో రాళ్లని చెప్పుకుంటామన్నారు. నేనేమన్నానో తెలుసా? "ఏం ఫర్వాలేదమ్మా, మచ్చలు అసలు కనిపించవు, ఎవరికీ తెలియదు" అన్నాను. గర్వంగా అన్నాను. నా చేతి పని మీద నాకు అంత ముచ్చట.

మూడు వారాలకి అత్తగారి ఊరు వెళ్లింది. వాంతులు మొదలయ్యాయి. ఆపరేషన్ తర్వాత వాంతులు మామూలే అని ఎవరో చెప్పారట, ఊరుకుంది. నీళ్లు కూడా నిలవలేదు. ఊళ్లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన పొట్ట చూశాడు. నాలుగు చిన్న మచ్చలు, రాళ్ల ఆపరేషన్ అన్నారు. నీరసంగా ఉందని గ్లూకోజ్ సీసాలు ఎక్కించాడు. ఆయన తప్పేమీ లేదు. ఏ డాక్టరైనా అదే చేస్తాడు. కానీ వారాల తరబడి తిండి నిలవని ఒంట్లో బి1 విటమిన్, థయామిన్ అంటాం, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ని అరిగించాలంటే ఒంటికి థయామిన్ కావాలి. మిగిలిన ఆ కాస్తా గ్లూకోజ్ లాగేసుకుంటుంది. రెండో రోజుకి ఆ అమ్మాయి కళ్లు వాటంతటవే కదలడం మొదలయ్యాయి. ఒకటి రెండుగా కనిపిస్తోందంది. లేచి నిలబడితే తాగినవాళ్లలా తూలుతోంది. గాలి సోకిందని కూడా ఎవరో అన్నారట. వాళ్లమ్మ భయపడి నాకు ఫోన్ చేసింది కాబట్టి బతికింది. ఫోన్‌లోనే ఆ డాక్టరుగారితో మాట్లాడి థయామిన్ సూదిమందు పడేలా చూశాను. కళ్లు రెండు రోజుల్లో కుదుటపడ్డాయి. నడక కుదరడానికి నెలలు పట్టింది.

ఆ అమ్మాయి ఆపరేషన్‌లో తప్పు జరగలేదు. ఒక్క పిన్ను ఊడలేదు. తప్పు నేనన్న ఆ ఒక్క మాటలో జరిగింది.

కోత చిన్నదవడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇదేనండీ. పాత రోజుల్లో జానెడు మచ్చ ఉండేది. ఏ డాక్టరు పొట్ట చూసినా "ఇదేంటమ్మా?" అని అడిగేవాడు. ఇప్పుడు అడగడు. మనిషి చెప్పదు. బైపాస్ చేయించుకున్నాయన మోకాలి నొప్పికి మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగుతాడు. అతుకు దగ్గర పుండు పడి రక్తం కక్కుతాడు. ఆ మాత్రలు వాళ్లకి నిషేధం, సిగరెట్టూ అంతే. బి12, ఐరన్, కాల్షియం, డి విటమిన్, ఇవి జన్మంతా వాడాలి. దాచుకున్నవాళ్లు మాత్రలు కూడా దాచుకోవాల్సి వస్తుంది, నాలుగు నెలలకి మానేస్తారు. రెండేళ్లకి అరికాళ్లు తిమ్మిర్లతో, మొహం పాలిపోయి వస్తారు. ఆడపిల్లలైతే ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దంటాం. అత్తగారికి తెలియకపోతే ఆ మాట ఇంట్లో ఎలా చెబుతుంది?

అందుకే ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. ఒకే ఇంట్లో ఉండే మనిషి, భర్తో అత్తగారో, వచ్చి నా ఎదురుగా కూర్చుంటేనే తేదీ ఇస్తాను. ఇంటికి వెళ్లేటప్పుడు అట్ట ముక్క ఒకటి ఇస్తాను, పర్సులో పట్టేది. తెలుగులో ఉంటుంది, ఎర్ర అక్షరాలు. "నాకు జీర్ణాశయం తగ్గించే ఆపరేషన్ అయింది. వాంతులతో వస్తే గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇవ్వండి. నొప్పి మాత్రలు ఇవ్వద్దు." కింద నా నంబరు. కొంతమంది సర్జన్లకి ఇది నచ్చదు, వచ్చేవాళ్లు బెదిరిపోతారంటారు. బెదరనివ్వండి.

ఇంకో రకం వస్తారు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, మాఘమాసం లోపల పదిహేను కిలోలు తగ్గించండి అంటారు. చూస్తే పిల్ల బీఎమ్ఐ 28, షుగరు లేదు, బీపీ లేదు. పిల్ల తలొంచుకుని కూర్చుంటుంది, మాటంతా తల్లిదే. పంపించేస్తాను. 2022లో అంతర్జాతీయ సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎమ్ఐ 35 దాటితే జబ్బు లేకపోయినా చేయొచ్చన్నారు. 30 నుంచి 35 మధ్య షుగరు లాంటివి ఉంటే ఆలోచించమన్నారు. ఆసియావాళ్లకి 27.5 నుంచే ఆపరేషన్ మాట ఎత్తాలన్నారు. 'మాట ఎత్తాలి' అన్నదాన్ని 'చేసేయాలి' అని చదివేవాళ్లున్నారు. పెళ్లి ముహూర్తం మాత్రం ఏ మార్గదర్శకంలోనూ లేదు.

ప్రాణాపాయం గురించి సూటిగా చెబుతాను. అలవాటైన చేతుల్లో వెయ్యికి ఒకరిద్దరు, ముగ్గురు. పిత్తాశయం ఆపరేషన్ లాగే. నేను భయపడేది రెండిటికి. ఒకటి లీకు, అంటే పిన్నులు వేసిన వరస దగ్గర కారడం. స్లీవ్‌లో అన్నవాహిక కలిసే మూల దగ్గర ఎక్కువ. జ్వరం, ఆయాసం, నాడి నిమిషానికి 120 దాటడం, ఇవి కనిపిస్తే అర్ధరాత్రయినా రావాలి, తెల్లారనివ్వకూడదు. రెండోది కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి పోవడం. అందుకే ఆపరేషన్ అయిన సాయంత్రమే లేపి నడిపిస్తాం. "కడుపు కోసి నడవమంటాడేంటీయన" అని తిట్టుకుంటారు. తిట్టుకుంటూ నడిచినా సరే.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: సూదిమందులు వచ్చాయంటున్నారు కదా, ఆపరేషన్ అక్కర్లేదా?)

మంచి ప్రశ్న మేస్టారూ. మౌంజారో 2025 మార్చిలో, వెగోవి జూన్‌లో మన దేశానికొచ్చాయి. ఇందాక పేగులో ఊరే జీఎల్‌పీ-1 గురించి చెప్పాను కదా, అదే పనిని బయటినుంచి సూదితో చేయించడం. పరిశోధనల్లో వెగోవి మందుతో సగటున 15 శాతం, మౌంజారో పెద్ద డోసుతో 20 శాతం దాకా తగ్గారు. చిన్న విషయం కాదు. బీఎమ్ఐ 32 ఉన్న మనిషికి నేనే ముందు అది చెబుతాను. అయితే ఆపేస్తే బరువు తిరిగొస్తుంది. ఏళ్ల తరబడి కొనగలరా అన్నది ఇంటి లెక్క. బీఎమ్ఐ 45, రాత్రి గురకలో ఊపిరి ఆగిపోతోంది అంటే ఆపరేషనే. నా వృత్తి పోతుందని భయం లేదండీ, పోతే పునుగుల బండి పెట్టుకుంటాను. (నవ్వులు)

(ఒకావిడ: బీమా ఇస్తారా?)

2019లో బీమా నియంత్రణ సంస్థ నియమాలు పెట్టిందమ్మా. 18 ఏళ్లు నిండాలి. బీఎమ్ఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, గుండెజబ్బో, అదుపులో లేని షుగరో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బో ఉండాలి. తక్కిన దారులన్నీ ప్రయత్నించి విఫలమయ్యారని డాక్టరు రాయాలి. పాలసీలో వేచి ఉండాల్సిన కాలం ఎంతో చూసుకోండి. ఆపరేషన్ కోసం పాలసీ తీసుకుని నెలకి వస్తే ఇవ్వరు. నిద్ర పరీక్ష కాగితాలు, షుగరు కాగితాలు పారేయకండి, అవే మీ సాక్ష్యం.

(ఇంకొకావిడ: మా అబ్బాయికి ఆర్నెల్ల కిందట స్లీవ్ అయిందండీ. వచ్చే నెల మేనత్త కూతురి పెళ్లి. భోజనాల దగ్గర కూర్చోబెట్టనా, వద్దా?)

కూర్చోబెట్టండమ్మా. ఎందుకు మానాలి? విస్తట్లో మొదట పప్పు, కూర, తింటాడనుకుంటే కోడిగుడ్డో చేపో. అన్నం చివర రెండు ముద్దలు. నెమ్మదిగా, బాగా నమిలి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి. జిలేబీ ఒక కొరుకు, బైపాస్ అయితే అదీ వద్దు, చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. వాడు చాలంటే చాలు. అసలు కష్టం వాడితో కాదు, వడ్డించేవాళ్లతో. "ఏంటిరా, ఏమీ తినలేదు" అని మీ ఆడపడుచు గరిటె పట్టుకుని మీదికొస్తుంది. ఆవిడకి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, వాడికి ఆపరేషన్ అయిందని. ఏం, ఇంకా చెప్పలేదా?

(ఆవిడ: లేదండీ.)

ఇవాళే చేయండి.